మెట్ట పక్షుల వెంట నడిచే తోలు బూటు

అమెరికాలో మెట్ట పక్షుల వేటంటే చాలావరకు నడకే. బాతుల వేటగాడు నీటి అంచున మాటు వేసుకుని కూర్చుంటాడు. మెట్ట పక్షుల వేటగాడికి కూర్చునే వీలు లేదు. మిన్నెసోటా ఆస్పెన్ అడవుల్లో రఫ్డ్ గ్రౌస్ కోసమైనా, సౌత్ డకోటా గడ్డిబీళ్లలో ఫెజంట్ కోసమైనా, నెవాడా రాతికొండల మీద చకోరాల కోసమైనా కుక్క వెనకాల పొద్దస్తమానం తిరగాల్సిందే. ఇంతా చేస్తే తుపాకి పేలేది ఏ కొద్దిసార్లో. అందుకే అక్కడి పాత వేటగాళ్లు తుపాకి గురించి ఎంత ఇష్టంగా మాట్లాడతారో బూటు గురించీ అంత ఇష్టంగా మాట్లాడతారు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ వేట క్రమంగా ముగిసింది. ముగియడమే మంచిదయిందని నా నమ్మకం. అక్కడ లైసెన్సు, వేటకు కేటాయించిన నెలలు, రోజుకు ఇన్ని పక్షులే అన్న హద్దు పెట్టుకుని సాగుతోంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ నడక కోసం నూరేళ్లకు పైగా దిద్దుకుంటూ వచ్చిన తేలికపాటి తోలు బూటు.

తేలిక ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. అడుగు 75 సెంటీమీటర్లు అనుకుంటే 16 కిలోమీటర్ల నడకలో 21 వేల పైచిలుకు అడుగులు పడతాయి. ఒక్కో కాలు పదివేల ఐదువందల సార్లకు పైగా లేస్తుంది. బూటులో 200 గ్రాములు ఎక్కువ ఉన్నా సాయంత్రానికి ఒక్కో కాలు రెండు టన్నులకు మించిన అదనపు బరువును ఎత్తి దించినట్టే. సైనికుల మీద జరిగిన కొలతల్లోనూ ఇదే తేలింది: పాదానికి ఉన్న బరువు, వీపున మోసే అంతే బరువు కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తిని లాగేస్తుంది.

తేలిక అనగానే పల్చటి తోలు కాబోలు అనుకుంటారు. పల్చటి తోలుతో తేలిక బూటు ఎవరైనా చేస్తారు, కానీ అది ఒక్క సీజన్‌కే పాదం పక్కకు ఒరిగిపోయి చెప్పులా వదులవుతుంది. మంచి బూటులో తేలికదనం ముక్కల్ని తగ్గించడం వల్ల వస్తుంది. అతుకు మీద అతుకు, అతుకు కింద గట్టిదనానికి అట్ట, అట్ట కింద జిగురు: ఇవన్నీ చేరి బరువు పెంచేవే. వీటిని తీసెయ్యాలంటే మిగిలిన ఒక్క ముక్కే వాటి పనంతా చెయ్యాలి. అందుకు తోలు కోసేవాడి కన్నూ కుట్టేవాడి చెయ్యీ మామూలువైతే చాలవు.

కోతతోనే మొదలుపెడదాం. పశువు తోలు అంతటా ఒక్కలా ఉండదు. వెన్ను వెంబడి, పిర్రల దగ్గర పోగులు బిగుతుగా అల్లుకుని ఉంటాయి. పొట్ట దగ్గర, కాళ్ల మొదళ్లలో వదులుగా ఉండి లాగితే సాగుతాయి. కోతపనివాడు తోలును బల్ల మీద పరిచి అరచేత్తో తడుముతాడు, అంచు పట్టుకుని లాగి ఎటు సాగుతుందో చూస్తాడు. పాదం మడిచే చోట వచ్చే ముందుముక్కను వెన్ను పక్క నుంచి తీస్తాడు. అది వేళ్ల నుంచి మడమ వైపు సాగకుండా, అడ్డంగా మాత్రం కాస్త ఇచ్చేలా తిప్పి పెట్టి కోస్తాడు. నాలుకకు పొట్ట వైపు తోలు చాలు, దానికి మెత్తదనమే ముఖ్యం. కుడి, ఎడమ ముక్కల్ని తోలులో పక్కపక్కనే తీస్తాడు. లేకపోతే కొన్నాళ్లకు ఒక బూటు వదులై రెండోది బిగుతుగానే మిగిలిపోతుంది. కొనేటప్పుడు రెండు బూట్ల ముందుభాగాన్నీ బొటనవేలితో నొక్కి చూడండి. ముడతలు రెండింటిలోనూ ఒకే తీరున, సన్నగా, దగ్గరదగ్గరగా పడితే కోసినవాడు శ్రద్ధ పెట్టాడని అర్థం. ఒకదానిలో ముడత వెడల్పుగా, బుడగలా లేస్తే అది పొట్ట తోలు.

అమెరికా తోలు వ్యాపారంలో మందాన్ని ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, సుమారు 0.4 మిల్లీమీటరు. తేలిక వేటబూటుకు నాలుగైదు ఔన్సులు, అంటే 1.6 నుంచి 2 మిల్లీమీటర్ల తోలు సరిపోతుంది. అయితే అది వెన్ను తోలు కావాలి. కంగారూ తోలుకు ఇంకాస్త వెసులుబాటు ఉంది. పశువు తోలులో పోగులు పైకీ కిందికీ అడ్డదిడ్డంగా అల్లుకుని ఉండటం వల్ల పల్చగా చీల్చితే ఆ అల్లిక తెగి బలం పోతుంది. కంగారూ తోలులో పోగులు దాదాపు పైపొరకు సమాంతరంగా పరుచుకుని ఉంటాయి కనుక పల్చన చేసినా బలం చాలావరకు నిలుస్తుంది. తేలిక వేటబూట్లలో దానికంత పేరు రావడానికి కారణం అదే. కాలిఫోర్నియాలో మాత్రం దాని అమ్మకం నిషేధం.

తోలును పదును చేసిన తీరు కూడా బరువును నిర్ణయిస్తుంది. మన వైపు తంగేడు చెక్కతో, కరక్కాయతో తోళ్లు పదును చేసేవారు. అలా తయారైన తోళ్లు మద్రాసు రేవు నుంచి లండన్ వేలాలకు వెళ్లేవి. చెట్టుబెరడుతో పదునైన తోలు పాదం ఆకారాన్ని చక్కగా పట్టుకుంటుంది, కానీ బరువెక్కువ, నీళ్లూ పీల్చుకుంటుంది. 1884లో న్యూయార్క్‌లో ఆగస్టస్ షుల్జ్ పేటెంట్ పొందిన క్రోమ్ పద్ధతితో తేలికగా, మెత్తగా ఉండి వేడికి తట్టుకునే తోలు వచ్చింది. వేటబూటుకు ఈ రెండు రకాల తోళ్ల గుణాలూ కావాలి. అందుకే మంచి బూటు తోలును ముందు క్రోమ్‌తో, తర్వాత బెరడు రసంతో పదును చేసి, ఆపైన వేడి నూనెలూ కొవ్వులూ మైనమూ ఎక్కిస్తారు. 1905లో ఇసిడోర్ హార్విన్ షికాగోలో పెట్టిన తోళ్ల కర్మాగారం నుంచి వచ్చే క్రోమెక్సెల్ ఈ దారిలోదే. దాన్ని వేలితో వంచితే నూనె పక్కకు జరిగి ఆ చోట రంగు తేలుతుంది, వదిలి రుద్దితే మళ్లీ కలిసిపోతుంది. ముళ్లకంపలు గీరిన గీతలు కూడా సాయంత్రం చేత్తో నాలుగుసార్లు రుద్దితే చాలావరకు కనబడకుండా పోతాయి.

ఇక అసలు పనితనం. విస్కాన్సిన్ రాష్ట్రంలో బెర్లిన్ అనే చిన్న ఊరుంది. విల్ రసెల్ 1898లో అక్కడ మొదలుపెట్టిన రసెల్ మొకాసిన్ కంపెనీ పక్షుల వేటగాళ్ల కోసం బర్డ్‌షూటర్ అనే నమూనా చేస్తూ వచ్చింది. మామూలు బూటును కింద అట్ట పెట్టి, పైన తోలు బిగించి, రెంటినీ కలిపి కడతారు. మొకాసిన్ పద్ధతిలో ఒకే తోలు ముక్క పాదం కింద నుంచి వచ్చి, రెండు పక్కలా పైకి లేచి, పాదం మీది చిన్న ముక్కతో కలుస్తుంది. పాదం తోలు ఒళ్లో కూర్చుంటుంది. ఈ పద్ధతి ఆ నేలకు కొత్తది కాదు. గ్రేట్ లేక్స్ ప్రాంతపు ఓజిబ్వే జాతివారు జింక తోలుతో, ముందువైపు ముడుతలు పెట్టి ఇలాంటి పాదరక్షలు తరతరాలుగా కుట్టుకున్నారు. తడిసి ఆరినా మెత్తగా ఉండేందుకు ఆ తోలుకు పొగ పట్టించేవారు. సోల్, లేసులు, చీలమండ పైదాకా గొట్టం చేర్చి విస్కాన్సిన్ పనివాళ్లు దాన్ని బూటుగా పెంచారు.

కుట్టు దగ్గర ఆగి చూడాలి. కింది ముక్క అంచు పొడవు ఎక్కువ, దాన్ని కలవాల్సిన పైముక్క అంచు తక్కువ. ఎక్కువైన తోలునంతా వేళ్ల చుట్టూ తిరిగే ఆ చిన్న వంపులోనే సర్దెయ్యాలి. పరికిణీ నడుముకు కుచ్చిళ్లు ఎక్కించినట్టు, ఒక్కో కుట్టుకూ పిసరంత తోలును లోపలికి తీసుకుంటూ పోవాలి. ఒకచోట ఎక్కువ తీసుకుంటే ముడత లావై వేలికి ఒరుసుకుంటుంది, తక్కువ తీసుకుంటే చివరికి వచ్చేసరికి తోలు మిగిలి సొట్ట పడుతుంది. తోలు తడిగా ఉన్నప్పుడే పాదం ఆకారపు అచ్చు మీద లాగి బిగించి, ఆరెతో కన్నం చేసి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులతో ఎదురెదురుగా కుడతారు. అలా కుట్టిన కుట్టు ఒకచోట తెగినా పక్క కుట్లు ఊడిపోవు. తోలు ఆరుతూ అచ్చు మీదే బిగుసుకుంటుంది, కుట్టు కూడా దానితోపాటే బిగుస్తుంది. అచ్చు తీసేశాక ముడతలన్నీ ఒకే లావున, మధ్య నుంచి రెండు పక్కలకూ సమంగా చదునవుతూ పోయాయంటే ఆ బూటు నేర్చిన చేతులు దాటి వచ్చిందని చెప్పొచ్చు. యంత్రంతో ఈ పని చేయించడం చాలా కష్టం. తోలు ఎక్కడ ఎంత ఇస్తుందో ప్రతి కుట్టుకూ మారుతుంది, అది వేళ్లకే తెలియాలి.

ఈ ఒక్క కుట్టు వల్ల ఎన్ని వస్తువులు అక్కర్లేకుండా పోతాయో చూడండి. లోపలి గట్టి అట్ట అక్కర్లేదు. దాని చుట్టూ తిరిగే వెల్ట్ పట్టీ అక్కర్లేదు, ఆ పట్టీ వల్ల మధ్యలో ఏర్పడే ఖాళీని నింపే కార్క్ అక్కర్లేదు. బూటు తేలికవుతుంది, నేల మీది రాయీ కొమ్మా అరికాలికి తెలుస్తాయి. గ్రౌస్ అడవిలో అడుగు చప్పుడు కాకుండా వెయ్యడానికి ఆ తెలివిడి చాలా అవసరం. లోపం కూడా చెప్పాలి. కుట్టు సరిగ్గా మంచు, తడి గడ్డి తగిలే చోట ఉంటుంది. అందుకని తోలును రెండు మూడు పొరలుగా పెట్టి కుట్టే పద్ధతీ ఉంది. పొర పెరిగితే నీళ్లు ఆగుతాయి, బరువు పెరుగుతుంది. నడిచేది పొడి నేలయితే ఒక పొరతో ఆగడమే నాకు నచ్చుతుంది.

మిన్నెసోటాలో రెడ్ వింగ్ అనే ఊళ్లో, 1905లో చార్లెస్ బెక్‌మన్ పెట్టిన కంపెనీ, 1950లో ఐరిష్ సెటర్ పేరుతో వేటబూటు తెచ్చింది. ఆ ఊళ్లోనే ఉన్న ఎస్.బి. ఫుట్ తోళ్ల కర్మాగారం దానికి ఎర్రటి తోలు ఇచ్చింది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ బెరడు వాడి పదును చేసిన ఆ తోలు రంగు అచ్చం సెటర్ కుక్క ఒంటి రంగే. పైకి మొకాసిన్‌లా కనిపించినా దాని ముందువైపు కుట్టు పాదం కిందికి పోదు. ఇది గుడ్‌ఇయర్ వెల్ట్ బూటు, బరువు కొంచెం ఎక్కువే. ఐనా దాన్ని ఇక్కడ తలచుకోవాల్సింది పైతోలు ముక్కల్ని కలిపే కుట్టు కోసం. ప్యూరిటన్ అనే పాతకాలపు యంత్రం మీద మూడు వరసలు ఒకేసారి పడతాయి. దారం లేటెక్స్‌లో మునిగి వస్తుంది కనుక సూది చేసిన కన్నాన్ని అదే మూసేస్తుంది. మూడు వరసల మధ్య దూరం వంపుల్లో కూడా చెదరదు. యంత్రాన్ని నడిపే చెయ్యి బూటును తిప్పే వేగం మీదే అదంతా ఆధారపడి ఉంటుంది.

1952లో వచ్చిన 877 నమూనాకు ఆ కంపెనీ తెల్లటి చదును సోల్ వేసింది. మడమ విడిగా ఉండదు. వెనక మందంగా మొదలై ముందుకు పల్చబడే ఒకే రబ్బరు ముక్క అది. గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు కాబట్టి తేలిక, అడుగుకు చప్పుడు లేదు, లోతైన గాడులు లేవు కనుక బురద ఎక్కువగా పట్టదు. వేటగాళ్ల కోసం పుట్టిన ఈ సోల్‌ను రైతులూ, వడ్రంగులూ, ఎత్తైన భవనాల ఇనుపదూలాల మీద నడిచే పనివాళ్లూ సొంతం చేసుకున్నారు. సన్నటి దూలం మీద పాదం మొత్తం ఆనించి నిలబడటానికి చదును సోల్ కన్నా నమ్మదగింది వాళ్లకు కనిపించలేదు. ఒక పనికి సరిగ్గా కుదిరిన ఆకారం ఇంకో పనికి తనంతట తానే వెళ్లి చేరిందన్నమాట.

ఆ సోల్ నెవాడాలో మాత్రం పనికిరాదు. చకోరాలు, మన కావ్యాల్లో వెన్నెల తాగి బతికే ఆ పక్షులు, అక్కడివి కావు. తొలి జతలు 1893లో కరాచీ నుంచి అమెరికా చేరాయి. తర్వాతి కాలంలో భారత ఉపఖండం నుంచి తెచ్చినవాటిని పడమటి రాష్ట్రాల్లో వదిలితే, హిమాలయపు దిగువ కొండల్ని తలపించే పొడి రాతివాలుల్లో స్థిరపడ్డాయి. నెవాడాలో 1947 నుంచి వాటి వేటకు అనుమతి ఉంది. కుక్కను చూసి అవి కొండ పైకి పరుగెడతాయి, ఎగిరితే లోయ దాటిపోతాయి. అగ్నిపర్వతపు రాళ్లు కత్తుల్లాంటి అంచులతో ఉంటాయి, వాలులో అడుగు పక్కకే పడుతుంది. అక్కడ పాదం అంచును పట్టుకుని నిలబెట్టే గట్టి సోల్, లోపల అరికాలి వంపు కింద ఉక్కు పట్టీ (షాంక్), వేళ్ల మీద రబ్బరు కప్పు ఉండాలి. అక్కడి బూటుకు సోల్ అంటే విబ్రమ్ పేరే ముందొస్తుంది. 1935లో ఆల్ప్స్‌లో పుంతా రాసికా మీద ఆరుగురు తోటివాళ్లు చనిపోవడం చూసిన విటాలె బ్రమానీ, జారని సోల్ కోసం పూనుకుని 1937లో గాడుల రబ్బరు సోల్ తయారుచేశాడు. అది బరువే, కానీ ఆ బరువు అక్కడ అవసరం. తేలిక కోసం దీన్ని వదులుకుంటే మధ్యాహ్నానికి చీలమండ చెబుతుంది.

సౌత్ డకోటా బీళ్లకు ఇంకో రకం కావాలి. కోసిన మొక్కజొన్న మోళ్లు బూటు ముందుభాగాన్ని కొరికేస్తాయి. గడ్డి విత్తనాల ముళ్లు ఏ సందున్నా దూరతాయి. ఇక్కడ నాలుకను చూడాలి. నాలుక రెండు పక్కలా పైతోలుకు పైదాకా కుట్టి ఉండాలి, ఆ మడత తోలు పల్చగా, సాఫీగా ముడుచుకోవాలి. మడత మందమైతే లేసు బిగించినప్పుడు కాలి ఎముకకు నొక్కుకుంటుంది. పైన లేసు తగిలించే కొక్కేలు వేసుకోవడానికి సుఖమే కానీ గడ్డికీ ముళ్లతీగకూ చిక్కుకుంటాయి, పొదల్లో తిరిగే బూటుకు చివరిదాకా కన్నాలే మేలు. సోల్ ఎయిర్ బాబ్ అయితే నాకు ఎక్కువ ఇష్టం. లోపల బోలుగా ఉన్న చిన్న చిన్న రబ్బరు బుడిపెలు విడివిడిగా ఉంటాయి. అడుగు పడినప్పుడు నొక్కుకుని, లేచినప్పుడు తిరిగి వచ్చి బురదను రాలుస్తాయి.

నీళ్ల సంగతి వచ్చేసరికి నా అభిప్రాయం దుకాణాల వాళ్లకు నచ్చకపోవచ్చు. 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన, నీటిని ఆపే పొరను ఇవాళ సగటు వేటబూటులో మేజోడులా లోపల పెడుతున్నారు. కొత్తలో బాగానే ఉంటుంది. పాదం మడిచే చోట వేల సార్లు నలిగి అది చిరిగాక నీళ్లు లోపలికి వస్తాయి. ఒకసారి పైనుంచి నీళ్లు పడితే రాత్రంతా పెట్టినా ఆరదు. నూనె పట్టించిన మంచి తోలు, పొడి ఉన్ని మేజోళ్లు ఒక జత సంచిలో: పొడి నేలకు ఇవి చాలు. తడి చిత్తడి నేల దాటక తప్పని చోట లియన్ లియన్‌వుడ్ బీన్ దారి ఉంది. మెయిన్ రాష్ట్రంలో 1912లో ఆయన రబ్బరు అడుగుభాగానికి తేలిక తోలు గొట్టం కుట్టి అమ్మాడు. మొదటి వంద జతల్లో 90 కుట్టు దగ్గర విడిపోయి తిరిగొచ్చాయి. డబ్బు వెనక్కిచ్చి, అతుకు సరిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. రబ్బరుకూ తోలుకూ మధ్య ఆ అతుకే ఆ బూటుకు ప్రాణం. ఇవాళ్టికీ ఆ తరహా బూటు కొనేటప్పుడు ముందుగా వేలు పెట్టి చూడాల్సింది అక్కడే.

ఎత్తు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎనిమిది అంగుళాలు చాలాచోట్ల సరిపోతాయి. ప్రతి అంగుళానికీ తోలు, కన్నాలు, లేసు పెరుగుతాయి. పాముల బెడద ఉన్న చోట లెక్క వేరు.

పాదానికి తొడిగి చూసేటప్పుడు సాయంత్రం పూట, వేటకు వేసుకునే మేజోళ్లతోనే చూడాలి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లేసు కట్టి వాలు మీద కిందికి దిగితే వేళ్లు ముందుకు తగలకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. మొదటిది పొడవు తప్పు, రెండోది అచ్చు తప్పు. పొడవు తప్పయితే పెద్ద సైజు ఉంది, అచ్చు తప్పయితే ఆ కంపెనీ బూటే మీ కాలికి కాదు. కొలత ఇచ్చి కుట్టించుకునేవాళ్లు రెండు పాదాల గీతలూ బరువు మోపి నిలబడి గీయించాలి. కూర్చుని గీస్తే పాదం వెడల్పు తక్కువ పడుతుంది.

తడిసిన బూటును మంట దగ్గర పెట్టడం మాత్రం తోలుకు ద్రోహమే. బెరడుతో పదునైన తోలు తడిగా ఉండగా 70, 80 డిగ్రీల వేడి తగిలితే పోగులు ముడుచుకుపోతాయి, మళ్లీ విప్పుకోవు. క్రోమ్ తోలు అంత వేడిని ఓర్చినా లోపలి నూనెలు కారిపోతాయి. కాగితాలు కుక్కి నీడలో పెట్టి, దాదాపు ఆరాక నూనె పట్టించాలి.

కొనేముందు ఇంకొకటి అడగాలి: సోల్ మార్చొచ్చా అని. జిగురుతో అతికించిన సోల్‌లే అన్నిటికన్నా తేలిక, కానీ వాటిలో చాలావాటిని ఒకసారి అరిగాక పారెయ్యాల్సిందే. పైతోలును బయటికి మడిచి నేరుగా అడుగుకు కుట్టేసే పద్ధతి బరువులోనూ మన్నికలోనూ మధ్యస్థం. వెల్ట్ బూటుకు మంచి మోచీ ఎవరైనా సోల్ వేస్తాడు. చేతికుట్టు మొకాసిన్‌కు సోల్ మార్చడం సులువే కానీ కిందితోలు పాడైతే కుట్టిన అచ్చు మీదే మళ్లీ బిగించాలి, కాబట్టి చేసినచోటికే పంపాలి. ఏ రకమైనా రబ్బరు పూర్తిగా అరిగి కుట్టు నేలకు తగలకముందే ఇవ్వాలి. దారం అరిగాక ఇస్తే కింద వెల్ట్ కూడా మార్చాల్సి వస్తుంది, ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది.